మంచు మ్యాపు మీద అడ్డగీతలు

మా తమ్ముడి కూతురు శ్రావణి, నేను పనిచేసి రిటైరైన విభాగంలోనే ఈ మధ్య ఉద్యోగంలో చేరింది. ఒక ఆదివారం మచ్చ బొల్లారంలో మా ఇంటికి వచ్చింది. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, తువాలు ఇంకా చేతిలో ఉండగానే అసలు సంగతి బయటపెట్టింది.

"అత్తమ్మ, మన మంచు మ్యాపు మీద గా అడ్డగీతలెందుకు? ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చింది. మబ్బు కింద ఏముందో అంతా నింపేస్తున్నం. గీతలు తీసేస్తే మ్యాపు సాఫ్ కనవడ్తదని మా సార్ అంటున్నడు. తీసే పని నాకే జెప్పిండు."

"తియ్యకు బిడ్డా" అన్నాను.

ఎందుకని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను గానీ, నా అలవాటు ప్రకారం ఎక్కడెక్కడికో తిరిగి, అసలు విషయానికి వచ్చేలోపే దాని చేతిలోకి స్కూటీ తాళం వచ్చేసింది. నేను ఏదైనా చెప్పడం మొదలుపెడితే చెప్పులు వెతుక్కోవడం మా ఇంట్లో అందరికీ అలవాటే. అందుకని ఇలా రాసి పెడుతున్నాను. దానికీ, దానిలాగా ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మరికొందరికీ పనికొస్తుందని ఆశ.

నాకు ప్రమోషన్ ఎప్పుడు వచ్చింది, ఎవరికి రాలేదు, ఏ ఫైలు ఎక్కడ ఆగింది, ఇవేవీ రాయను. అవి ఏ ఆఫీసులోనైనా ఒకటే. మా పని ఏమిటో, అందులో నాకు మిగిలిందేమిటో అంతవరకే రాస్తాను.

ఎండలో కూర్చుని మంచు చూడడం

మాది గౌడవెల్లి. మా నాయిన ద్రాక్ష తోట కౌలుకు పట్టేవాడు. మేడ్చల్ చుట్టుపక్కల అప్పట్లో ద్రాక్ష పందిళ్లు చాలా ఉండేవి. నేను చదువుకుని, మేడ్చల్ దారిలో ఉన్న ఆఫీసులో చేరాక, ఊళ్లో వాళ్లు ఆయన్ని ఊరికే ఉండనిచ్చేవాళ్లు కాదు. మీ పిల్ల ఏం పని చేస్తుందని అడిగేవాళ్లు. ఆయన బీడీ ఆర్పి తాపీగా చెప్పేవాడు: "మొగులు మీదికెల్లి మంచు జూస్తది." మొగులంటే మా వైపు మబ్బు, మీదికెల్లి అంటే పై నుంచి. విన్నవాళ్లు ఇక రెండో ప్రశ్న వేసేవాళ్లు కాదు.

ఆయన చెప్పింది దాదాపు నిజమే. చలికాలంలో హిమాలయాల మీద మంచు పడుతుంది. ఎండలు ముదిరాక కరిగి నదుల్లోకి వస్తుంది. డ్యాములు నడిపేవాళ్లకీ, కాలువలకు నీళ్లు వదిలేవాళ్లకీ ఇప్పుడు ఎంత మేర మంచు ఉందో తెలియాలి. కొండలన్నీ ఎక్కి చూసి రావడం ఎవరి వల్లా కాదు. ఉపగ్రహం ప్రతిరోజూ పై నుంచి ఫొటో తీస్తుంది. మేం ఆ ఫొటోని మ్యాపు చేసి పంపేవాళ్లం. మంచు ఉన్న చోట తెలుపు, ఖాళీ నేల ఉన్న చోట గోధుమ రంగు. బయట తారు రోడ్డు మీద చెప్పు అంటుకునే ఎండ. లోపల నేను ఫ్యాను కింద కూర్చుని మంచు ఎక్కడి దాకా దిగిందా అని చూస్తూ ఉండేదాన్ని. మొదట్లో నాకే నవ్వొచ్చేది.

చిక్కంతా మబ్బుతోనే. కొండల మీద మంచు పడేది మబ్బు పట్టిన రోజుల్లోనే. అంటే మాకు అన్నిటికన్నా ఎక్కువగా చూడాలని ఉన్న రోజునే ఏమీ కనిపించదు. కొన్నిసార్లు వారాల తరబడి ఆ లోయల మీద దుప్పటి కప్పినట్టే ఉంటుంది. ఈ ఉద్యోగంలో చేరేవాళ్లు ముందు ఈ సంగతితో రాజీ పడాలి.

తెలుపులో తెలుపు

మబ్బూ తెలుపే, మంచూ తెలుపే. వీటిని విడదీయడం మా మొదటి పాఠం. మన కంటికి కనిపించని కాంతిని కూడా ఉపగ్రహం చూడగలదు. అందులో ఒక రకం కాంతిలో చూస్తే మంచు నల్లబడిపోతుంది, మబ్బు మాత్రం తెల్లగానే ఉంటుంది. ఆ తేడా పట్టుకుని లెక్క కడితే పని చాలావరకు అయిపోతుంది. కానీ చాలా ఎత్తున పలచగా పట్టే మబ్బు ఒకటి ఉంది. అది మంచు రవ్వలతోనే తయారవుతుంది కాబట్టి మా లెక్కకు సులువుగా దొరకదు.

దాన్ని పట్టుకోవడంలో మా ఆఫీసులో ఖాజాను మించినవాడు లేడు. ఖాజా, నేనూ ఒకే ఏడాది చేరాం. అతనిది శామీర్‌పేట. నాన్నది కట్టెల అడితి. ఎంఎస్సీ ఫిజిక్స్ చదివాడు. ఇంట్లో దక్ఖనీ ఉర్దూ, ఆఫీసులో మా అందరికంటే చిక్కని తెలంగాణ తెలుగు. ఫొటో తెర మీద పడగానే కుర్చీ వెనక్కి జరిపి, కళ్లు సగం మూసి చూసేవాడు. "గీ మంచు దొంగది మేడమ్, నిన్న ఇట్ల లేకుండె" అనేవాడు. నిజమే, మర్నాటికి అది అక్కడ ఉండేది కాదు. మంచు రాత్రికి రాత్రి కొండ దిగి వెళ్లదు కదా.

ఒకసారి అతను సెలవులో ఉన్నప్పుడు మా మ్యాపు పైకి వెళ్లిపోయింది. అందులో ఉత్తరాది మైదానంలో గోధుమ చేల మీద మంచు పడి ఉంది. పలచటి మబ్బును మా లెక్క మంచు అనుకుంది. మాలో ఎవరూ తెర మీద మరోసారి చూడలేదు. పై ఆఫీసు నుంచి ఫోన్ చేసినాయన, అక్కడికి స్వెటర్లు పంపించమంటారా అని అడిగాడట. ఆ రోజు నుంచి మ్యాపు పంపేముందు ఇద్దరు మనుషులు కళ్లతో చూడాలని మేమే నియమం పెట్టుకున్నాం. లెక్క ఎంత గట్టిదైనా సరే, ఈ నియమం వదలకండి.

పై నుంచి చూసిన లోయ

డ్యాముల వాళ్ల ఫోన్లు తీసుకోవడం నా పని. వాళ్లలో ఎక్కువసార్లు చేసేవాడు నేగీ అనే ఇంజనీరు. పర్వతాల్లో ఒక డ్యాముకు ఆయనే పెద్ద. నెమ్మదిగా, ఒక్కో మాట తూచినట్టు హిందీలో మాట్లాడేవాడు. ఒక ఏడాది మేం మా మ్యాపును నేల మీద సరిచూసుకోవడానికి అక్కడికి వెళ్లాం. నేను జీవితంలో మొదటిసారి మంచును ముట్టుకుంది అప్పుడే. దుమ్ము పట్టి, అక్కడక్కడా నల్లబడి, ఉప్పు రాళ్లలాగా గరుకుగా ఉంది. నేను ఇన్నాళ్లూ తెర మీద చూసిన తెలుపు ఇదా అని కొంచెం దిగులేసింది. ఖాజా మాత్రం కోతి టోపీ పెట్టుకుని ఫొటోలు దిగాడు. ఆ టోపీ ఇప్పటికీ శామీర్‌పేటలో వాళ్లింట్లో ఉంది.

నేగీ గారు మమ్మల్ని డ్యాము మీదికి తీసుకెళ్లి కింద చూపించాడు. నది ఒడ్డున చదునుగా ఉన్న చోట రేకుల షెడ్లు వరసగా ఉన్నాయి. కొత్త సొరంగం తవ్వుతున్న కూలీలవి. ఎక్కడెక్కడి నుంచో వచ్చారని, కుటుంబాలతోనే ఉంటారని చెప్పాడు. తాళ్ల మీద ఆరేసిన చీరలు గాలికి ఎగురుతున్నాయి. మనుషులు చిన్నగా కనిపించారు. చీకటి పడేలోగా ఘాట్ దిగాలని డ్రైవరు తొందరపెట్టాడు. కిందికి దిగి చూడలేదు.

నేగీ గారి భయం ఆ షెడ్ల గురించే. పై నుంచి ఒక్కసారిగా నీళ్లు వస్తే డ్యాము గేట్లు ఎత్తాలి. గేట్లు ఎత్తితే ఆ చదును మునుగుతుంది. పై లోయల్లో మంచు బాగా పడిందని ముందే తెలిస్తే జలాశయంలో నీళ్లు తగ్గించుకుని చోటు చేసుకోవచ్చు, షెడ్లను పైకి తరలించవచ్చు. కానీ నీళ్లు ఊరికే వదిలేస్తే కరెంటు పోతుంది. షెడ్లు విప్పితే పని ఆగుతుంది. ఆ రెండింటికీ ఆయన పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి. పై లోయలు ఆయనకు డ్యాము మీద నుంచి కనిపించవు. అందుకే మా మ్యాపు.

బూడిద రంగు పడని మూర్తి గారు

మా విభాగం పెద్ద మూర్తి గారు. పేట్ బషీరాబాద్‌లో ఉండేవారు. అందరికంటే ముందు ఆఫీసుకు వచ్చి కిటికీలు తెరిచేవారు. నా కింద పనిచేసేవాళ్ల మీద నేను ఎప్పుడైనా గట్టిగా అరిస్తే, తర్వాత పిలిచి మజ్జిగ తాగించేవారు. మంచి మనిషి. ఆయనకు పడని వస్తువు ఒకటే, బూడిద రంగు.

మబ్బు ఉండి కనిపించని చోట మ్యాపులో మేం బూడిద రంగు వేసేవాళ్లం. తెలుపు కాదు, గోధుమ కాదు, తెలియదు అని అర్థం. చలికాలం చివర్లో సగం మ్యాపు బూడిదే. మూర్తి గారు దాన్ని పట్టుకుని పై సమావేశాలకు వెళ్లేవారు. ఇన్ని ఉపగ్రహాలు పెట్టుకుని తెలియదంటారేమిటని అక్కడ అడిగేవాళ్లట. తిరిగొచ్చి మా మీద విసుక్కునేవారు. "అమ్మా అనసూయా, తెలియదని చెప్పడానికి నాకు ఒక విభాగం ఎందుకు చెప్పు? నేనొక్కణ్ణే చెప్పగలనుగా" అనేవారు. ఆయన బాధ నాకు అర్థమయ్యేది. తెలియదనే మాటకు ఏ సమావేశంలోనూ కుర్చీ వేయరు.

అప్పుడు ఖాజా బూడిద నింపే పద్ధతి తయారుచేశాడు. కొత్తవాళ్లకు ఇది తెలియాలి కాబట్టి చెబుతాను. పొద్దున ఒక ఉపగ్రహం పోతుంది, మధ్యాహ్నం ఇంకొకటి. పొద్దున మబ్బున్న చోట మధ్యాహ్నం తెరిపి ఇవ్వొచ్చు. రెండూ కలిపితే కొంత బూడిద తగ్గుతుంది. ఇది నిజంగా చూడడమే, ఇందులో పేచీ లేదు. ఆ తర్వాత ఎత్తు. పక్క కొండ మీద ఏ ఎత్తు నుంచి మంచు మొదలైందో చూసి, మబ్బు కింద కొండ మీద కూడా అదే ఎత్తు నుంచి మంచు ఉందనుకోవడం. అదీ కుదరకపోతే నిన్నటిది. మబ్బు రాకముందు అక్కడ ఏముందో ఇప్పుడూ అదే ఉందనుకోవడం. ఖాజా ఇవన్నీ కలిపి నడిపిస్తే మ్యాపులో బూడిద చుక్క కూడా మిగల్లేదు. మూర్తి గారు ఆ మ్యాపు అచ్చు తీయించి తన గదిలో గోడకు తగిలించారు. ఆ రోజు అందరికీ ఆలూ సమోసాలు వచ్చాయి.

దొంగ మబ్బు పరీక్ష

పద్ధతి బాగుందని ఊరికే అనుకోలేదు. పరీక్ష పెట్టాం. మబ్బు కింద ఏముందో ఎవరికీ తెలియదు కాబట్టి, పరీక్షకు మా దగ్గర ఒక ఉపాయం ఉండేది. బాగా తెరిపిగా ఉన్న రోజు ఫొటో తీసుకుంటాం. వేరే రోజు మబ్బు ఆకారాన్ని కత్తిరించి దాని మీద అతికిస్తాం. దాన్ని మేం దొంగ మబ్బు అనేవాళ్లం. ఆ కింద ఏముందో పద్ధతి చెబుతుంది. అప్పుడు దొంగ మబ్బు తీసేసి చూస్తాం. ఖాజా పద్ధతి ప్రతిసారీ దాదాపు నూటికి నూరూ తెచ్చుకుంది. మూర్తి గారు ఆ ఫలితాలు చూపించి పైవాళ్ల నోళ్లు మూయించారు. ఇక బూడిద రంగు వాడొద్దని, ఎవరైనా ఫోన్ చేసి అడిగితే మ్యాపు చూసుకోమని చెప్పాలని మాకు ఉత్తర్వు. నాకూ అందులో తప్పు కనిపించలేదు.

నేగీ గారి ప్రశ్న

ఇక్కడ ఎండలు మొదలైన రోజులు. అక్కడ పర్వతాల్లో వారం దాటినా మబ్బు విడవలేదు. నేగీ గారు ఫోన్ చేశాడు. తన డ్యాముకు పైన ఉన్న పక్క లోయ గురించి అడిగాడు. మీ మ్యాపులో అక్కడ గోధుమ రంగు ఉంది, అంటే మంచు లేదన్నమాట, అవునా అన్నాడు. మ్యాపు అదే చెబుతోందని అన్నాను. అప్పుడు ఆయన అడిగాడు.

"ఆప్‌నే దేఖా హై క్యా, మేడమ్?"

మీరు చూశారా అని. ఎవరూ నన్ను అంతవరకు ఆ మాట అడగలేదు. నా ముందు తెర మీద నింపకముందు మ్యాపు కూడా ఉంది. ఆ లోయంతా బూడిద. వారం పైగా ఏ ఉపగ్రహమూ దాన్ని చూడలేదు. గోధుమ రంగు మబ్బు రాకముందు నాటిది. మ్యాపు చూసుకోండి సార్ అనేస్తే ఉత్తర్వు పాటించినట్టే. నాకు మాత్రం ఆ తాళ్ల మీది చీరలు గుర్తొచ్చాయి.

చూడలేదని చెప్పాను. అది మేం అనుకున్న రంగే తప్ప చూసిన రంగు కాదన్నాను. ఆయన థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాడు. జలాశయం తగ్గించి, షెడ్లు విప్పించి కూలీలను రోడ్డు పక్కకు తరలించాడని మర్నాడు తెలిసింది.

ఖాజాకు కోపం వచ్చింది. ఎందుకు రాదు? అతని పని మీద నమ్మకం లేదని బయటివాళ్లకు చెప్పినట్టయింది. పరీక్షలో నూటికి నూరు వచ్చిన పద్ధతి అది, మీకేం తెలుసని అలా చెప్పారని క్యాంటీన్‌లో అందరి ముందూ అడిగాడు. నాకూ రోషం వచ్చింది. నేనేమీ ఆలోచించి పెట్టుకోలేదు, నోటికొచ్చింది అనేశాను.

"ఖాజా భాయ్, మేడ మీద బట్టలు ఆరేసినం. మొగులైంది. పొద్దుగాల ఎండినయి గదా అని ఊకుంటమా? ఉరికి పోయి తీస్తం. నువ్వు పరీక్ష పెట్టింది ఎండ రోజుల మీద. దొంగ మబ్బు వాన గొడ్తదా, మంచు గురుస్తదా? అసలు మబ్బు ఊకెనే వస్తదా?"

అతను టీ వదిలేసి లేచిపోయాడు.

తర్వాత కొద్ది రోజులకు అక్కడ తెరిపి ఇచ్చింది. ఫొటో వచ్చింది. ఆ లోయలో మంచు లేదు. గోధుమ నేల, మా మ్యాపు చెప్పినట్టే ఉంది. ఖాజా పద్ధతి నెగ్గింది. నేను ఓడిపోయాను. మూర్తి గారు నన్ను గదిలోకి పిలిచి, ఈసారి మజ్జిగ ఇవ్వలేదు. అన్ని నీళ్లు వృథా పోయాయని, అక్కడ నేగీ గారిని సంజాయిషీ అడిగారని, దేని ఆధారంగా చేశావంటే ఫోన్లో ఒక మేడమ్ చెప్పిందని అన్నాడని, ఆ మాట ఎక్కడా నిలబడలేదని చెప్పారు. నాకు ఏడుపొచ్చింది. నేను తిట్లు తిన్నందుకు కాదు. నా మాట నమ్మినందుకు ఆయనొక్కడూ దెబ్బ తిన్నాడు. నేను ఫోన్ చేసి క్షమించమంటే, వచ్చేసారి కూడా చూడకపోతే చూడలేదనే చెప్పండి అన్నాడు.

ఖాజా లెక్క

గెలిచినవాడు మామూలుగా అయితే సమోసాలు తెప్పించాలి. ఖాజా నాతో మాట్లాడలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. రంజాన్ నెల. మధ్యాహ్నం మేం టిఫిన్ డబ్బాలు తెరిస్తే అతను పాత ఫొటోలు తెరిచేవాడు. ఏం చేస్తున్నాడో నాకు తెలియదు. అడిగే ధైర్యమూ లేదు. రోజూ అలాగే గడిచింది. పండగ దాటాక ఒక పొద్దున షీర్ కుర్మా డబ్బా నా బల్ల మీద పెట్టి, మూర్తి సార్ గదికి రండి మేడమ్ అన్నాడు.

అతను చేసింది ఇది. దొంగ మబ్బులన్నీ పక్కన పెట్టాడు. ఎన్నో ఏళ్ల ఫొటోల్లో అసలు మబ్బులు వచ్చిన ప్రతిసారీ, అవి విడిపోయిన మొదటి రోజు బయటపడిన నేలను తీసుకున్నాడు. ముందురోజు తన పద్ధతి ఏం చెప్పి ఉండేదో దానితో పోల్చాడు. బాగా ఎత్తున ఎప్పుడూ మంచే, బాగా కింద ఎప్పుడూ నేలే, అక్కడ తప్పు రాదు. మంచు దిగుతూ ఎక్కుతూ ఉండే నడిమి ఎత్తుల్లో మాత్రం పద్ధతి పదేపదే తప్పింది. మబ్బు ఎన్ని రోజులు నిలిస్తే అంత ఎక్కువ తప్పింది. నేగీ గారికి కావలసింది సరిగ్గా ఆ నడిమి ఎత్తులే.

మూర్తి గారు అంతా విని, మరి ఆ లోయలో మన మ్యాపు నిజమే అయింది కదయ్యా అన్నారు. ఖాజా తల అడ్డంగా ఊపాడు.

"అయింది సార్. అయితదని మాత్రం నాకు తెల్వకుండె. తెల్వకనే ఒప్పయింది. గట్ల ఒప్పయిన దాని మీద మనుషులను పండబెట్టొద్దు సార్."

నేను ఎన్నో సమావేశాల్లో కూర్చున్నాను. సొంత పని మీద సొంతంగా ఇంత మాట అన్న మనిషిని మళ్లీ చూడలేదు. మూర్తి గారు చాలాసేపు గోడ మీది మ్యాపు వంక చూశారు. బూడిద మాత్రం వద్దు, పైవాళ్లు మళ్లీ మొదలుపెడతారన్నారు. తర్వాత లేచి, పెన్సిలు తీసుకుని, తను ముద్దుగా తగిలించుకున్న ఆ మ్యాపు మీదే ఒక లోయకు అడ్డంగా గీతలు గీశారు. రంగు అలాగే ఉంటుంది, దాని మీద గీతలుంటే ఇది అనుకున్నది, చూసింది కాదు అని అర్థం. చూసి ఎక్కువ రోజులైతే గీతలు దగ్గర దగ్గరగా, తక్కువైతే దూరంగా. "మ్యాపు మీదే ఉంటే ఆ ఇంజనీరు చూపించుకోవడానికైనా ఉంటుంది" అన్నారు.

శ్రావణీ, నువ్వడిగిన గీతలు ఇవే. నేనో ఖాజానో గీశామనుకుంటారు అందరూ. వాటిని గీసింది బూడిద రంగంటే పడని మనిషి.

రేకుల షెడ్లు

తర్వాత రెండు మూడు చలికాలాలు మామూలుగా గడిచాయి. గీతలతో మ్యాపు వెళ్లేది, పైవాళ్లు మొదట గొణిగి తర్వాత అలవాటుపడ్డారు. ఆ తర్వాత ఒక ఏడాది మళ్లీ అదే కాలంలో, అదే లోయ మీద మబ్బు కూర్చుంది. రంగు గోధుమే. దాని మీద గీతలు రోజురోజుకీ దగ్గరవుతూ వచ్చి, చివరికి రంగు కనిపించనంత దట్టమయ్యాయి. నేను ఫోన్ పక్కనే కూర్చున్నాను. నేగీ గారు చేయలేదు. నేను చేద్దామా అనుకుని, ఏం చెప్పాలో తెలియక ఆగిపోయాను. మ్యాపులో ఉన్నదానికంటే నా దగ్గర ఎక్కువ ఏముంది?

మబ్బు విడిచిన రోజు ఫొటో తెర మీదికి వచ్చేసరికి ఖాజా కుర్చీ వెనక్కి జరపలేదు. ముందుకు వంగాడు. లోయంతా తెలుపు, మేం ఎన్నడూ చూడనంత కిందికి దిగింది. మబ్బు కింద అన్నాళ్లూ మంచు కురుస్తూనే ఉంది. ఇక మీద ఎండ కాస్తే ఆ కొత్త మంచు ఎంతసేపు ఆగుతుంది? వెంటనే ఫోన్ చేశాం, ఎవరూ ఎత్తలేదు. మర్నాడూ అంతే. నాకు తిండి సహించలేదు. మా నాయినకు పక్వానికొచ్చిన తోట మీద మొగులైనప్పుడు ఎలా ఉండేదో అప్పుడు నాకు తెలిసింది.

ఫోన్ అటు నుంచే వచ్చింది. నేగీ గారి గొంతు బొంగురుపోయి ఉంది. గీతలు దట్టమైనప్పుడే మ్యాపు అచ్చు తీసి పైవాళ్ల ముందు పెట్టానని, ఇది ఎవరూ చూడని లోయ, నేను చూసినట్టు నటించలేను అని చెప్పానని అన్నాడు. ఈసారి ఎవరూ కాదనలేదట. జలాశయం తగ్గించారు. షెడ్ల జనాన్ని పైకి ఎక్కించారు. తర్వాత నీళ్లు వచ్చాయి. చోటు చేసుకున్నా సరిపోలేదు, గేట్లు ఎత్తక తప్పలేదు, చదునంతా మునిగింది. మనుషులు అందరూ ప్రాణాలతో ఉన్నారు.

ఆ చివరి మాట విన్నాక నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఆయన ఇంకేదో అంటున్నాడు. మీ వైపు వాళ్లు ఇక్కడ ఉన్నారు, హైదరాబాద్ నుంచి మ్యాపు వచ్చిందని తెలిసి మాట్లాడతామంటున్నారు అని. ఫోన్ చేతులు మారిన చప్పుడు వినిపించింది.

"అమ్మా, మాది పాలమూరు దిక్కు. నా పేరు బాలమణి" అంది ఒక ఆడగొంతు.

పాలమూరు వాళ్లు దేశంలో ఏ డ్యాము పనికైనా వలస పోతారని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. గౌడవెల్లి పక్కన కాలువ పనికీ వచ్చేవాళ్లు. అయినా డ్యాము మీద నుంచి చూసిన ఆ షెడ్లలో మా మాట మాట్లాడేవాళ్లు ఉండొచ్చని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. ఎవరి ప్రాణమైనా ఒకటే. కానీ ఆ మాట వినేసరికి ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాను.

"రేకులన్ని కొట్టుకపోయినయమ్మా. గిన్నెలు, బియ్యం అన్ని పోయినయి. పిల్లలం, పెద్దలం అందరం మీద రోడ్డుకాడ ఉన్నం. మీరు మీదికెల్లి జూసి, మంచు మస్తు పడ్డదని చెప్పిన్రంట గద. మీ కడుపు సల్లగుండ."

అవునని ఊరుకుంటే ఆమెకు సంతోషం, నాకు పేరు. మా నాయిన కూడా నా గురించి అదే చెప్పేవాడు. ఖాజా నా మొహం చూస్తూ నిలబడ్డాడు.

"లేదమ్మా" అన్నాను. "మేం జూడలే. మొగులుండె. మాకు కనవడ్తలేదు. కనవడ్తలేదనే చెప్పినం."

అటు నుంచి నీళ్ల హోరు వినిపించింది. ఆమెకు అర్థం కాలేదేమో అనుకున్నాను.

"గందుకే గదమ్మా మమ్ముల లేపిన్రు" అంది బాలమణి. "గది చెప్పకుంటె మేం ఆడనే పండుకొని ఉంటుంటిమి గద."

శ్రావణీ, కొత్త పద్ధతి మంచిదే అయ్యుంటుంది. ఖాజాది కూడా మంచిదే. మీ సార్ గీతలు తియ్యమని మళ్లీ అంటే, ముందు ఆయనను ఈ ఒక్క మాట అడుగు, ఆ పద్ధతికి పరీక్ష అసలు మబ్బు మీద పెట్టారా అని. పెట్టామన్నా సరే, బాలమణి గురించి చెప్పు. ఆ తర్వాత కూడా తియ్యమంటే, ఆయనను మా ఇంటికి తీసుకురా. నేను మొదటి నుంచి చెబుతాను, చెప్పులు వెతుక్కోనివ్వను.